కెమెరా ఎవరి చేతికి వెళ్తుంది? స్కోమెట్ లైసెన్సుతో నా అనుభవం

మా కంపెనీ తయారు చేసేది థర్మల్ కెమెరాలు. సబ్‌స్టేషన్‌లో ఏ జాయింటు వేడెక్కిందో, గోడౌన్‌లో ఏ మూల నిప్పు రాజుకుంటోందో, బాయిలర్ గోడలో ఎక్కడ ఇటుక దెబ్బతిందో దూరం నుంచే పట్టేస్తాయి. అదే కెమెరాని డ్రోన్‌కి బిగిస్తే కటిక చీకట్లో పొద చాటున పడుకున్న మనిషినీ చూపిస్తుంది. అందుకే దీన్ని దేశం దాటించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. మా కంపెనీలో ఆ అనుమతుల పని నాది.

పశ్చిమాసియాలోని ఒక డీలర్ నుంచి మాకు పెద్ద ఆర్డరు వచ్చింది. ఆ లైసెన్సు కోసం మొదటి నుంచి చివరిదాకా ఫైలు నడిపింది నేనే. ఆ పనిలో ఉండగానే, ప్రభుత్వాలు తమ ప్రత్యర్థులకూ, రేపు ప్రత్యర్థులు కాబోయే వాళ్ళకూ ఆయుధాలు, ఆయుధాలు చేసే యంత్రాలు అమ్మిన చరిత్ర చాలా చదివాను. చదవక తప్పలేదు. దరఖాస్తులో అడిగే ప్రశ్నల్లో చాలావాటి వెనక ఎక్కడో ఒక దేశం తిన్న దెబ్బ ఉంది. ఆ దెబ్బ సంగతి తెలియని వాళ్ళకి ఇదంతా గుమాస్తాల వేధింపులాగే కనిపిస్తుంది. మా ఆఫీసులో చాలామందికి అలాగే కనిపించింది.

ముందు మన వస్తువు జాబితాలో ఉందో లేదో తేల్చుకోవాలి. మన దేశంలో ఆ జాబితా పేరు స్కోమెట్. ప్రత్యేక రసాయనాలు, సూక్ష్మజీవులు, పదార్థాలు, పరికరాలు, టెక్నాలజీలు అన్నీ అందులో ఉంటాయి. 0 నుంచి 8 వరకు కేటగిరీలు. అణు సంబంధమైన 0ని అణుశక్తి విభాగం చూసుకుంటుంది. ఆయుధాలు, మందుగుండు ఉండే 6 రక్షణ ఉత్పత్తుల విభాగం చేతిలో ఉంటుంది. మాలాంటి వాళ్ళు వెళ్ళేది విదేశీ వాణిజ్యాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం డీజీఎఫ్‌టీ దగ్గరికి. మా కెమెరాలు వచ్చేది 8లో, సెన్సర్లు లేజర్ల కింద. ఈ 8వ కేటగిరీ దాదాపుగా వాసెనార్ ఒప్పందం జాబితాయే. పౌర అవసరాలకూ సైన్యానికీ పనికొచ్చే వస్తువుల ఎగుమతిపై దేశాలు 1996లో పెట్టుకున్న ఏర్పాటు అది. భారత్ 2017 డిసెంబరులో చేరింది. 42 సభ్య దేశాలు ఉన్నాయి. రష్యా, ఉక్రెయిన్ రెండూ సభ్యులే. చైనా లేదు. ఏది జాగ్రత్తగా చూడాలో అందరూ కలిసి రాసుకుంటారు, ఎవరికి అమ్మాలో మాత్రం ఏ దేశానికి ఆ దేశమే తేల్చుకుంటుంది. ఒకరు వద్దన్నంత మాత్రాన ఇంకొకరు ఆగనక్కర్లేదు. ఈ ఏర్పాటులో అసలు లొసుగు ఇదే అని నా అభిప్రాయం.

థర్మల్ కెమెరాల విషయంలో జాబితాలో ఒక అంకె ఉంది, 9. సెకనుకు 9 ఫ్రేములు, అంటే 9 చిత్రాలు, దాటని కెమెరాలకు చాలావరకు మినహాయింపు దొరుకుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కదలదు కాబట్టి దాన్ని చూడ్డానికి 9 ఫ్రేములు సరిపోతాయి. పరిగెత్తే బండిని వెంటాడాలన్నా, ఎగిరే డ్రోన్ నుంచి గురి పెట్టాలన్నా సరిపోవు. డీలర్ అడిగింది 30 ఫ్రేముల మోడల్. ఆర్డరులో ఒక భాగం ఆ దేశపు విద్యుత్ సరఫరా సంస్థకి. వాళ్ళు హెలికాప్టర్‌లో ఎగురుతూ హైటెన్షన్ లైన్లు తనిఖీ చేస్తారు కాబట్టి 30 ఎందుకో సమాధానం ఉంది. రెండో భాగానికి ఎదురుగా ‘స్టాక్ కోసం’ అని రాశాడు.

దరఖాస్తులో వస్తువు వివరణ దగ్గరే మాకూ సేల్స్ వాళ్ళకూ మొదటి వాదన. ‘పారిశ్రామిక తనిఖీ పరికరం’ అని రాసేద్దాం, ఫ్రేముల సంగతి వాళ్ళు అడిగితే అప్పుడు చూసుకుందాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. మా డిజైన్ ఇంజనీరుని పక్కన కూర్చోబెట్టుకుని డిటెక్టర్ రకం, పిక్సెళ్ళు, ఫ్రేములు, లెన్సు, సాఫ్ట్‌వేర్‌తో ఆ వేగాన్ని పెంచే వీలుందా లేదా, అన్నీ రాశాను. సేల్స్ వాళ్ళకి తోషిబా కథ చెప్పాను.

1980ల తొలి సంవత్సరాల్లో జపాన్‌కి చెందిన తోషిబా మెషీన్ అనే కంపెనీ సోవియట్ యూనియన్‌కి తొమ్మిది అక్షాల మిల్లింగ్ యంత్రాలు అమ్మింది. ఓడల, జలాంతర్గాముల ప్రొపెల్లర్లను అతి నున్నగా చెక్కే యంత్రాలవి. వాటిని నడిపించే కంప్యూటర్ కంట్రోలర్లు నార్వే ప్రభుత్వ సంస్థ కాంగ్స్‌బర్గ్ ఇచ్చింది. కమ్యూనిస్టు దేశాలకు ఏం అమ్మకూడదో చూసే కోకామ్ అనే కూటమి అప్పట్లో ఉండేది. ఆ నిబంధనలను దాటడానికి దరఖాస్తులో వీటిని అంతకంటే తక్కువ సామర్థ్యం ఉన్న యంత్రాలుగా రాశారు. సంగతి 1987లో బయటపడింది. అమెరికా కాంగ్రెస్ సభ్యులు పార్లమెంటు భవనం ముందే తోషిబా రేడియోని సుత్తులతో పగలగొట్టారు. తోషిబా ఛైర్మన్, అధ్యక్షుడు ఇద్దరూ రాజీనామా చేశారు. సోవియట్ జలాంతర్గాముల చప్పుడు తగ్గడానికి ఈ యంత్రాలే కారణమా, అంతకుముందే తగ్గడం మొదలైందా అన్న వాదన తేలలేదు. నాకు కావాల్సింది ఆ వాదన కాదు. నార్వే నాటో సభ్య దేశం. జపాన్ అమెరికా రక్షణ కింద ఉన్న దేశం. ఎవరి జలాంతర్గాములంటే వాళ్ళకి భయమో ఆ దేశానికే వాళ్ళ కంపెనీలు యంత్రాలు పంపాయి. మధ్యలో ఉన్నది ఒక దరఖాస్తు, అందులో రెండు మూడు లైన్ల వివరణ. సేల్స్ మేనేజరు గారు ఆ తర్వాత వివరణ గురించి నాతో వాదించలేదు.

అసలైన శ్రమ ఎండ్ యూజ్ సర్టిఫికెట్‌తో మొదలైంది. వస్తువు చివరికి ఎవరు వాడతారో, ఎందుకు వాడతారో, ఎక్కడ ఉంచుతారో లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టాలి. మారణాయుధాలకు వాడబోమని, భారత ప్రభుత్వం ఒప్పుకోకుండా ఇంకెవరికీ ఇవ్వబోమని, అడిగితే తనిఖీకి చూపిస్తామని మాట ఇవ్వాలి. కొనేవాళ్ళు, మధ్యవర్తి, సరుకు అందుకునేవాళ్ళు, వాడేవాళ్ళు వేరువేరు అయితే అందరి దగ్గరా తీసుకోవాలి. విద్యుత్ సంస్థ నుంచి వచ్చిన కాగితం చక్కగా ఉంది: సంతకం పెట్టిన అధికారి హోదా, ఏ డిపోలో ఉంచుతారో చిరునామా, హెలికాప్టర్ తనిఖీ విభాగం వివరాలు. స్టాక్ భాగానికి డీలరే సంతకం పెట్టి పంపాడు. వాడేవాళ్ళ పేరు ఖాళీ.

ఈ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడే నాకు అసలు సందేహం పుట్టింది. ఇదే రకం హామీని ప్రభుత్వాలు ప్రభుత్వాల నుంచి తీసుకుంటాయి. యుద్ధ విమానానికీ అదే హామీ, ట్యాంకుకీ అదే. ఆ మాట ఎన్నాళ్ళు నిలబడింది?

మన విషయమే చూడండి. 1954లో అమెరికా పాకిస్తాన్‌కి సైనిక సాయం మొదలుపెట్టినప్పుడు అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ నెహ్రూకి ఉత్తరం రాశాడు. ఈ ఆయుధాలను ఎవరి మీదైనా దాడికి దుర్వినియోగం చేస్తే తాను తగిన చర్య తీసుకుంటానని అందులో హామీ ఇచ్చాడు. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ వైపు దూసుకొచ్చినవి ఆ సాయంగా వచ్చిన ప్యాటన్ ట్యాంకులే. అసల్ ఉత్తర్ దగ్గర మన సైన్యం వాటిని నిలువరించింది. అబ్దుల్ హమీద్ జీపు మీద బిగించిన తుపాకీతో వాటిని పేల్చి అక్కడే ప్రాణం విడిచి పరమవీర చక్ర పొందాడు. పట్టుబడ్డ ట్యాంకులను పక్కనే వరసగా నిలబెడితే ఆ చోటికి ప్యాటన్ నగర్ అని పేరొచ్చింది. అమెరికా చర్య ఏమిటంటే, రెండు దేశాలకూ ఆయుధాలు ఆపేసింది. హామీ పొందిన దేశానికీ, ఆ హామీకి విరుద్ధంగా ట్యాంకులు దింపిన దేశానికీ ఒకటే తీర్పు. ఈ సంగతి చదివినప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు.

ఇరాన్ కథ ఇంకో రకం. షా పాలనలో అమెరికా ఎఫ్-14 టామ్‌క్యాట్ విమానాలు అమ్మింది. అమెరికా నౌకాదళం కాక ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేని విమానం. 80 ఆర్డరిస్తే 79 చేరాయి. 1979లో షా ప్రభుత్వం కూలిపోయింది. సంతకం పెట్టిన వాళ్ళు దేశం వదిలి పారిపోయారు, విమానాలు అక్కడే ఉండిపోయాయి. 2006లో అమెరికా తన ఎఫ్-14లన్నిటినీ విరమింపజేసి, విడిభాగాలు ఇరాన్ చేతికి చిక్కకూడదని వాటిని ముక్కలు చేయించింది. అమ్మకాన్ని నిషేధిస్తూ చట్టమే చేసింది. మిత్రుడికి అమ్మిన వస్తువు ఆ మిత్రుడు పోయాక శత్రువు ఆస్తి అయింది. తన మ్యూజియంలకు పోగా మిగిలిన విమానాలను తానే నుజ్జు చేసుకోవాల్సి వచ్చింది.

మా వస్తువుకి అన్నిటికంటే దగ్గరి కథ ఫ్రాన్స్‌ది. అది తెలిసిన రోజు నేను దరఖాస్తు పక్కన పెట్టి చాలాసేపు అదే చదివాను. 2014లో క్రైమియా ఆక్రమణ తర్వాత యూరోపియన్ యూనియన్ రష్యాకి ఆయుధాల అమ్మకాన్ని నిషేధించింది. అప్పటికే ఫ్రాన్స్ రెండు మిస్ట్రాల్ యుద్ధనౌకలు రష్యా కోసం కడుతోంది. 2011 నాటి ఒప్పందం, విలువ దాదాపు 120 కోట్ల యూరోలు. ప్రపంచమంతా ఆ నౌకల మీదే చూపు పెట్టింది. చివరికి 2015లో ఫ్రాన్స్ ఒప్పందం రద్దు చేసుకుని డబ్బు తిరిగి ఇచ్చింది, నౌకలు ఈజిప్టు కొనుక్కుంది. అయితే ఆ నిషేధంలో, అంతకుముందు కుదిరిన ఒప్పందాలు కొనసాగవచ్చన్న వెసులుబాటు ఉంది. దాన్ని పట్టుకుని ఫ్రాన్స్ నుంచి థర్మల్ కెమెరాలు రష్యాకి వెళ్తూనే ఉన్నాయి. రష్యా టీ-72బీ3 ట్యాంకుల గురి వ్యవస్థలో ఉన్నది థేల్స్ కంపెనీ థర్మల్ కెమెరా. 2022లో ఆ ట్యాంకులు ఉక్రెయిన్‌లోకి వెళ్ళాయి. నౌక కంటికి కనిపిస్తుంది కాబట్టి ఆగింది. చిన్న డబ్బా ఎవరి కంటా పడకుండా వెళ్ళిపోయింది. మేము తయారు చేసేదీ అలాంటి డబ్బానే.

ఆ రోజు నుంచి నా ఆలోచన ఒకచోట నిలిచింది. హామీకి ఉండే ఆయుష్షు అది ఇచ్చిన ప్రభుత్వానిదీ, ఆ స్నేహానిదీ. వస్తువు అంతకంటే చాలాకాలం బతుకుతుంది. యుద్ధ విమానం 40 ఏళ్ళు ఎగురుతుంది. ఏ రెండు దేశాల స్నేహం 40 ఏళ్ళు ఒకేలా ఉంటుందో చెప్పగల వాళ్ళు లేరు. కాబట్టి అమ్మే రోజున అడగాల్సిన ప్రశ్న ‘ఇతను ఇవాళ మంచివాడేనా’ అని ఒక్కటే అయితే చాలదు. అతని తర్వాత ఇది ఎవరి చేతిలో పడుతుంది అన్నదీ అడగాలి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాం. కొనుగోలు ఆర్డరు, టెక్నికల్ వివరాలు, సర్టిఫికెట్లు, మా కంపెనీ గతంలో ఎవరెవరికి ఏమేం పంపిందో ఆ వివరాలు జోడించాం. దాన్ని పరిశీలించేది ఇంటర్ మినిస్టీరియల్ వర్కింగ్ గ్రూప్. డీజీఎఫ్‌టీ అధికారి అధ్యక్షత వహిస్తే విదేశాంగ శాఖ, డీఆర్‌డీవో, అంతరిక్ష విభాగం, ఇంకా ఇతర శాఖల వాళ్ళు కూర్చుంటారు. ఇలా చాలామంది కూర్చోవడం వల్ల ఆలస్యం అవుతుందని ఎగుమతిదారుల ఫిర్యాదు. నాకైతే ఆ ఆలస్యంలో ఒక భరోసా కనిపించింది. వ్యాపారం చూసే కన్నూ, విదేశాంగం చూసే కన్నూ, టెక్నాలజీ తెలిసిన కన్నూ ఒకే కాగితం మీద పడతాయి.

కొంతకాలానికి ప్రశ్నలు వచ్చాయి. విద్యుత్ సంస్థ భాగం మీద ఒకటి రెండు చిన్న సందేహాలు. స్టాక్ భాగం మీద సూటిగా అడిగారు: చివరికి వాడేదెవరు? 30 ఫ్రేములు ఎందుకు? డీలర్ ఇంతకుముందు ఇలాంటివి ఎవరికి అమ్మాడు? ఒక అధికారికి ఫోన్ చేసి, “సార్, డీలర్‌కి స్టాక్ పెట్టుకోవడం వ్యాపారంలో మామూలే కదా, దీనికి ఎలా జవాబివ్వాలి?” అని అడిగాను. ఆయన ఓపిగ్గానే, “మామూలేనమ్మా. కానీ ఆ స్టాక్ బయటికి వెళ్ళే రోజు మీరు అక్కడ ఉండరు, మేమూ ఉండం. పేరు తెచ్చుకోండి, అప్పుడు చూద్దాం” అన్నారు.

డీలర్‌ని పేరు అడిగితే మొదట నొచ్చుకున్నాడు, తర్వాత ధర తగ్గించమని మాట మార్చాడు, చివరికి ఇంకో దేశంలోని ఒక ట్రేడింగ్ కంపెనీ పేరు పంపాడు. మేము వెతికాం. ఆ కంపెనీ కొత్తగా పెట్టింది. కెమెరాలతో, కరెంటుతో, అగ్నిమాపక పనులతో ఏ సంబంధమూ కనిపించలేదు. దాని చిరునామా ఒక సరుకు రవాణా ఏజెంటుది. వాళ్ళు ఎవరికి అమ్ముతారని అడిగితే డీలర్ నుంచి సమాధానం రాలేదు.

ఆ భాగం వదిలేద్దామని నేను నోట్ పెట్టాను. ఎండీ గారు పిలిపించారు. “మనం ఇవ్వకపోతే వాళ్ళకి ఇంకెక్కడా దొరకదా? ఇంకొకరు ఇస్తారు. నష్టం మనకే” అన్నారు. ఆయన చెడ్డ ఉద్దేశంతో అన్నది కాదు, జీతాలు ఇవ్వాల్సిన మనిషి. ఈ మాటకి మాత్రం జవాబు చెప్పాలనిపించింది. ఎందుకంటే ప్రభుత్వాలు చెప్పేదీ సరిగ్గా ఇదే.

సోవియట్ యూనియన్ కూలిపోయాక రష్యా విమాన ఫ్యాక్టరీలకు ఆర్డర్లు లేవు, జీతాలకు డబ్బు లేదు. చైనా వచ్చి సుఖోయ్-27 అడిగింది. రష్యాకి చైనాతో పొడవైన సరిహద్దు ఉంది, 1969లో ఆ సరిహద్దు మీద ఇద్దరూ కాల్చుకున్నారు కూడా. అయినా అమ్మారు. 1992లో మొదటి విమానాలు వెళ్ళాయి. ధరలో కొంత భాగాన్ని చైనా సరుకుల రూపంలో చెల్లించింది. తర్వాత 200 విమానాలను అక్కడే కట్టుకోవడానికి లైసెన్సు కూడా ఇచ్చారు. దాదాపు సగం కట్టాక చైనా ఆగిపోయి, తన ఇంజనీర్లతో జే-11బీ అనే సొంత రూపం తయారు చేసుకుంది. రష్యా నిరసన తెలిపింది, ఆ తర్వాత మళ్ళీ సుఖోయ్-35లు అమ్మింది, ఎస్-400 క్షిపణి వ్యవస్థ అమ్మింది. అదే ఎస్-400ని 2018లో మనకీ అమ్మింది, 543 కోట్ల డాలర్లకు. చైనాకి సుఖోయ్-30 ఎంకేకే, మనకి సుఖోయ్-30 ఎంకేఐ. 2020లో గల్వాన్‌లో మన సైనికులు 20 మంది చనిపోయిన తర్వాత లద్దాఖ్ ఆకాశంలో రెండు వైపులా మోహరించిన యుద్ధ విమానాల్లో ఒకే సంస్థ గీసిన డిజైన్లు ఉన్నాయి.

‘ఇంకొకరు ఇస్తారు’ అన్నది అన్నిసార్లూ నిజం కాదని చెప్పే ఉదాహరణ కూడా ఎండీ గారికి చెప్పాను. 1982లో ఫాక్లాండ్స్ దీవుల కోసం బ్రిటన్, అర్జెంటీనా చేసిన యుద్ధం. అర్జెంటీనాకి ఫ్రాన్స్ సూపర్ ఎతాందార్ విమానాలు, వాటి నుంచి ప్రయోగించే ఎక్సోసెట్ క్షిపణులు అమ్మింది. 14 క్షిపణులకు ఆర్డరు, యుద్ధం మొదలయ్యేసరికి చేరినవి 5. మే 4న వాటిలో ఒకటి బ్రిటన్ డిస్ట్రాయర్ షెఫీల్డ్‌ని దెబ్బతీసింది, 20 మంది చనిపోయారు. తర్వాత అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకుల ఓడ పోయింది, దాంతో పాటు బ్రిటన్ హెలికాప్టర్లు. అయితే ఫ్రాన్స్ మిగతావి ఆపేసింది. యుద్ధం ముగిసేలోపు విమానం నుంచి వేసే ఎక్సోసెట్ మరొక్కటి కూడా అర్జెంటీనా చేతికి రాలేదు. ఆ 14 కూడా చేరి ఉంటే ఎన్ని ఓడలు పోయేవో. ఆపితే ఫలితం ఉంటుంది. ఇదే యుద్ధంలో ఇంకో సంగతి: అర్జెంటీనా నౌకాదళంలో షెఫీల్డ్ తరగతికే చెందిన రెండు డిస్ట్రాయర్లు ఉన్నాయి. అవి బ్రిటన్ డిజైన్, ఆ డిజైన్ అమ్మింది బ్రిటనే. అందులో సాంతీసిమా త్రినిదాద్ అనే నౌక ఫాక్లాండ్స్ ఆక్రమణలో స్వయంగా పాల్గొంది.

ఎండీ గారు ఆరోజు ఏమీ తేల్చలేదు. మర్నాడు ఆ భాగం ఉపసంహరించుకోమని మెయిల్ పెట్టారు.

ఇందులో ఒక భయం కూడా నన్ను నడిపించింది, చెప్పడం మంచిది. ప్రభుత్వానికి తెలిసే జరిగిందన్న ధైర్యం ఎగుమతిదారుడిని కాపాడుతుందని అనుకోకూడదు. బ్రిటన్‌లో మ్యాట్రిక్స్ చర్చిల్ కేసు చదివితే తెలుస్తుంది. ఆ కంపెనీ ఇరాక్‌కి మెషీన్ టూల్స్ అమ్మింది, ఆయుధాల తయారీకి పనికొచ్చేవి. 1988 చివర్లో మంత్రులు ఎగుమతి మార్గదర్శకాలను పార్లమెంటుకి చెప్పకుండానే సడలించారు. 1990లో సద్దాం కువైట్‌ని ఆక్రమించాక అదే బ్రిటన్ సైన్యం అక్కడికి యుద్ధానికి వెళ్ళింది. తర్వాత కంపెనీ డైరెక్టర్ల మీద, వస్తువుల వాడకం గురించి తప్పుడు వివరాలిచ్చి లైసెన్సులు తీసుకున్నారని కేసు పెట్టారు. వాళ్ళలో ఒకరు ఇరాక్ సంగతులు బ్రిటన్ నిఘా సంస్థకే చేరవేస్తున్న మనిషి. 1992 నవంబరులో ఒక మాజీ మంత్రి సాక్ష్యంతో ప్రభుత్వానికి అన్నీ తెలుసని బయటపడి కేసు కూలిపోయింది. ఆ పైన స్కాట్ అనే న్యాయమూర్తి విచారణ జరిపి 1996లో నివేదిక వచ్చింది. డైరెక్టర్లు బయటపడ్డారు సరే, కానీ జైలు అంచుదాకా వెళ్ళొచ్చారు. విధానం రహస్యంగా మారితే, దాన్ని నమ్ముకుని కాగితం నింపినవాడే బోనులో నిలబడతాడు.

విద్యుత్ సంస్థ భాగానికి లైసెన్సు వచ్చింది. ఆ తర్వాతి పని మామూలుదే: కస్టమ్స్‌కి లైసెన్సు చూపడం, సరుకు చేరినట్టు రుజువులు తెప్పించడం.

ఇప్పుడు మన దేశమే పెద్ద అమ్మకందారు అవుతోంది. 2024-25లో మన రక్షణ ఎగుమతులు రూ. 23,622 కోట్లు. ఫిలిప్పీన్స్‌కి బ్రహ్మోస్ క్షిపణులు అమ్మాం, 2022లో ఒప్పందం, 2024లో మొదటి విడత చేరింది. బ్రహ్మోస్ రష్యాతో కలిసి చేసింది. దక్షిణ చైనా సముద్రంలో దాని గురి ఎటువైపో అందరికీ తెలుసు, రష్యా చైనా స్నేహమూ తెలుసు. ఆర్మేనియాకి పినాక రాకెట్ వ్యవస్థలు అమ్మాం. మన వస్తువు ప్రపంచంలో నిలబడుతున్నందుకు నాకు సంతోషమే. ఆ పరిశ్రమలోనే నా జీతం. కానీ చిన్న కెమెరాకి నన్ను అడిగినన్ని ప్రశ్నలు క్షిపణికీ అడగాలి, ఆ జవాబులు కొన్నైనా ప్రజల ముందుకి రావాలి. అమెరికాలో 1976 నాటి ఆయుధ ఎగుమతుల నియంత్రణ చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన అమ్మకాన్ని ముందుగా కాంగ్రెస్‌కి తెలియజేయాలి. అక్కడా అమ్మకాలు ఆగింది తక్కువే. అయినా ఎవరికి ఏం వెళ్తోందో కాగితం మీద కనిపిస్తుంది, ప్రశ్నించడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. మన పార్లమెంటుకీ అలా ముందుగా తెలియాలని నా కోరిక. ప్యాటన్ ట్యాంకులు ఎదురుగా వచ్చిన దేశానికి ఆ జాగ్రత్త ఎక్కువే ఉండాలి.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది కొంచెమే. వస్తువు వివరణ సేల్స్ వాళ్ళ చేత రాయించవద్దు, ఇంజనీరు చేత రాయించండి. ‘స్టాక్’ అన్న మాట ఆర్డరులో కనిపిస్తే దరఖాస్తు పెట్టక ముందే పేరు అడగండి, అధికారులు అడిగేదాకా ఆగొద్దు. కొనేవారి చిరునామా మీరే వెతికి చూడండి.

రికార్డులు ఐదేళ్ళు దాచాలన్నది నిబంధన. మా కెమెరాలు అంతకు రెట్టింపు కాలం పనిచేస్తాయి. అందుకని వస్తువు వాడకంలో ఉన్నంతకాలం ఫైలు ఉంచాలని మా కంపెనీలో నిర్ణయం చేయించాను. ప్రతి కెమెరా సీరియల్ నంబరు సర్వీసు విభాగం దగ్గర ఉంది. రిపేరుకి ఏది వచ్చినా ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తారు, లైసెన్సులో ఉన్న చిరునామా కాకపోతే ముందు నాకు చెప్పి తర్వాతే పెట్టె తెరుస్తారు. ఆ డీలర్ మళ్ళీ ఒకసారి ధర అడిగాడు, ఈసారి 9 ఫ్రేముల మోడల్‌కి. దానికీ వాడేవాళ్ళ పేరు కావాలని జవాబు పంపాను.